చీట్ల శుక్రవారం

మొన్న ఆదివారం మా మనవరాలు, అంటే మా అమ్మాయి కూతురు, నాయుడుపేటలో మా ఇంటి వసారాలో కూర్చుని చదువుకుంటూ ఉండగా ఫోను మోగింది. చూసింది. పుస్తకం మూసి, దాని మీద ఫోను బోర్లా పెట్టి, గోడకు చేరగిలబడి కూర్చుంది. ఏమైందని రెండుసార్లు అడిగితే గాని చెప్పలేదు. ప్రాక్టికల్ పరీక్ష మళ్ళీ వాయిదా పడిందట, కొత్తగా వేసిన తేదీ సరిగ్గా ఆమెకు చెన్నైలో ఉద్యోగపు ఇంటర్వ్యూ ఉన్న రోజునే పడిందట. ఆమె చదివేది నేను ఒకప్పుడు చదివిన విశ్వవిద్యాలయంలోనే. భవనాలు మారాయి, పేరు పలకలు మారాయి, తేదీల సంగతి మాత్రం అలాగే ఉందన్నమాట అనుకున్నాను. అలా అనుకుని నవ్వబోయి, ఆ పిల్ల ముఖం చూసి నవ్వలేకపోయాను. ఆ ముఖం నాకు తెలుసు. మన ఈడు వాళ్ళలో దూరపు ఊళ్ళ నుంచి వచ్చి చదువుకున్న వాళ్ళందరూ ఏదో ఒక రోజు ఆ ముఖంతో నోటీసు బోర్డు ముందు నిలబడిన వాళ్ళే.

గూడూరు నుంచి తూర్పుగా, సముద్రం వైపు పోతే వచ్చే ఉప్పునేలల్లో, సరుగుడు తోపుల పక్కన ఉండేది మా విశ్వవిద్యాలయం. పాత విద్యార్థుల సభల్లో మైకు దొరికితే చాలు, అందరూ అక్కడి గాలిని, స్నేహాలను, వెన్నెలను పొగుడుతారు. నేనూ పొగిడాను, కాదనను. కాని ఆ గాలి తెచ్చే ఇసుక మా అన్నంలో పడేదని, హాస్టల్ బోరు నీళ్ళు ఎంత ఉప్పగా ఉండేవంటే సబ్బు నురగ రాక ఒళ్ళంతా జిడ్డుగా బయటికి వచ్చేవాళ్ళమని, ఆ నీళ్ళతో వండిన పప్పు పొద్దున పెట్టినది రాత్రికి కూడా ఉడకనట్టే ఉండేదని ఎవరూ చెప్పరు. ఉన్న నాలుగు మైక్రోస్కోపుల్లో రెండింటికి అద్దాలు బూజు పట్టి, ఏ జీవిని పెట్టినా ఒకే జీవిలా కనిపించేది. పాఠాలు చెప్పే అయ్యవార్లు చాలామంది ఊళ్ళ నుంచి రైళ్ళలో వచ్చిపోయే వాళ్ళు కనుక, మా చదువు రైల్వే వారి దయ మీద నడిచేది. ఇవన్నీ ఓర్చుకున్నాం. వయసు అలాంటిది.

ఓర్చుకోలేనిది ఒక్కటే, తేదీలు. పరీక్ష ఎప్పుడు జరుగుతుందో పరీక్ష జరిగేదాకా ఎవరికీ తెలిసేది కాదు. సాయంత్రం నోటీసు బోర్డులో ఒక కాగితం అంటించేవారు, మరునాటి సాయంత్రం దాని మీదే ఇంకొకటి అంటించేవారు. ఎమ్మెస్సీ చివరి ఏడాది, ఎండాకాలంలో జరగవలసిన మా జంతుశాస్త్రం ప్రాక్టికల్ పరీక్ష అలా అలా వెనక్కి జరుగుతూ వానాకాలం దాటి, కార్తీకం వానలు వెలిసే దాకా వచ్చింది. పట్నాల పిల్లలకు అది విసుగు మాత్రమే. నాకు భయం. ఎందుకంటే మా ఊళ్ళో కూడా, ముందుగా తేదీ చెప్పనిది ఇంకొకటి ఉండేది.

మాది పులికాటు చెరువు ఒడ్డున చేపలు పట్టుకుని బతికే పల్లె. వానలకు చెరువు నిండి, అది సముద్రంలో కలిసే మొగ తెరుచుకుని, పోటు నీళ్ళతో రొయ్యలు లోపలికి వచ్చే దారి ఒకటి ఉంటుంది. ఆ దారిలో వల కట్టిన వాడికే నాలుగు గింజలు. అందరూ ఒక్కసారి కడితే కొట్లాటలే కాబట్టి, ఏ ఇంటి వంతు ముందు, ఏ ఇంటిది వెనుక అని ఏటా అమ్మవారి గుడి ముందు చీట్లు తీస్తారు. మొగ తెరుచుకున్నాక పెద్దలు నీళ్ళు నోట్లో పోసుకుని చూసి, ఉప్పదనం సరిపోయిందనుకుంటే, వచ్చే శుక్రవారం చీట్లని చాటింపు వేయిస్తారు. అంతకు ముందుగా ఆ శుక్రవారం ఏదో దేవుడికి కూడా తెలియదు. ఇంటికి ఒక చెయ్యి. ఆ చెయ్యి తలస్నానం చేసి, తడిబట్టలతో వచ్చి, కుండలో పెట్టి చీటీ తీయాలి. పొద్దు చెరువులో దిగేలోగా రాని ఇల్లు ఆ కాలమంతా వంతుల్లోంచి పోయినట్టే. ఒకసారి పోయిన ఇల్లు మళ్ళీ కలవాలంటే మిగతా ఇళ్ళన్నీ ఒప్పుకోవాలి. బదులు మనిషి కుదరడు, కబురు కుదరదు. ఎవరి కోసమూ ఆగకూడదన్నది ఊరి కట్టు, అంటే కట్టుబాటు.

మా ఇంటి చెయ్యి నాది. ముందటి ఏడు నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోతే, ఊరి ముందర నా చెయ్యి పట్టుకుని ఇకమీద మా ఇంటి చెయ్యి ఇదని చెప్పేశాడు. అలా ఒకసారి చెప్పాక తండ్రి చెయ్యి మళ్ళీ చెల్లదు. నాకు అన్నదమ్ములు లేరు. ఇక మా పక్కిల్లు నాన్నకు వరుసకు అన్న అయిన పెదనాన్నది. ఎప్పుడో పడవ రేవు దగ్గర మాటా మాటా వచ్చి, నేను పలక పట్టిన నాటి నుంచి ఆ ఇంటికీ మా ఇంటికీ మాటలు లేవు. ఒక ఇల్లు తగ్గితే మిగతా వాళ్ళకు వంతు తొందరగా తిరుగుతుంది. మేం తప్పుకుంటే మొట్టమొదట సంతోషించేది, మళ్ళీ కలవబోతే మొట్టమొదట అడ్డం చెప్పేది ఆ పెదనాన్నే అని మా ఇంట్లో అందరి నమ్మకం.

ఆ వారం గూడూరు సంతలో ఎండుచేపలు అమ్మే మా పిన్ని, మా విశ్వవిద్యాలయం మీదుగా పోయే బస్సు కండక్టరుతో కబురు పంపింది. కబురు చాలా చిన్నది. నీళ్ళు తిరిగినాయి, శుక్రవారం చీట్లు, బయలుదేరి రావాల. ఆ కబురు విన్నప్పుడు నాకు నిశ్చింతగానే ఉంది. మా ప్రాక్టికల్ పరీక్ష సోమవారం అని బోర్డులో ఉంది. శుక్రవారం చీటీ తీసి, అమ్మ చేతి వంట తిని, ఆదివారానికి వచ్చేయవచ్చు. గురువారం పొద్దుగూకే వేళ సంచీ సర్దుకుని బస్సు కోసం పోతూ, కాళ్ళ అలవాటు కొద్దీ బోర్డు ముందు ఆగాను. కొత్త కాగితానికి జిగురు ఇంకా ఆరలేదు. బయటి విశ్వవిద్యాలయం నుంచి రావలసిన పరీక్షాధికారికి సోమవారం వీలు కానందున ప్రాక్టికల్ రేపే, శుక్రవారమే. హాజరు కాని వారు మళ్ళీ ఏడాది రాసుకోవలసిందే. ఆ కాగితాన్ని పీకి పారేయాలనిపించింది. పీకితే తేదీ మారదు గనుక ఊరుకున్నాను.

మా శాఖాధిపతి గారి క్వార్టరుకు పరుగెత్తాను. ఆయన చెడ్డవారు కారు. విన్నారు, అంతా విన్నారు. విని, చేపల కోసం విశ్వవిద్యాలయం ఆగుతుందా నాయనా అన్నారు. అది వెక్కిరింత కాదు, ఆయనకు నిజంగానే అంతకంటే తోచలేదు. చివరకు, పరీక్షాధికారి గారు పొద్దున్నే వచ్చేస్తే నిన్ను మొదటి జట్టులో వేస్తాను, మధ్యాహ్నానికి పోవచ్చు అన్నారు. లెక్క చూసుకున్నాను. మధ్యాహ్నం బయలుదేరితే గూడూరు, అక్కడి నుంచి నాయుడుపేట, అక్కడి నుంచి చెరువు వైపు బస్సు, ఆ తర్వాత కట్ట మీద నడక. అన్నీ కలిసి వస్తే పొద్దుగూకే లోపల చేరవచ్చు. అన్నీ కలిసి రావడమనేది నా చదువులో అంతవరకు ఒక్కనాడూ జరగలేదు.

ఆనాడూ జరగలేదు. పరీక్షాధికారి గారి రైలు ఎక్కడో ఆగిపోయి, ఆయన వచ్చేసరికి మేం జీవులను కోసే మైనపు పళ్ళేల ముందు కాళ్ళు పీకేలా నిలబడి ఉన్నాం. వచ్చారు, మంచినీళ్ళు అడిగారు, ఇచ్చిన నీళ్ళు ఒక గుక్క తాగి, ఉప్పగా ఉన్నాయని ముఖం చిట్లించారు. ఆ చిరాకుతోనే మొదలైంది పరీక్ష. ఎవరు ఏ జీవిని కోసి ఏ భాగం చూపించాలో చీట్ల మీద రాసి, ఒక గాజు బీకరులో వేసి బల్ల మీద పెట్టారు. మొదటి పేరు నాదే పిలిచారు.

ఇప్పటికీ తలచుకుంటే ఒళ్ళు ముడుచుకుపోతుంది. మా ఊళ్ళో చీటీ తీసిన వాడు దాన్ని విప్పి చూడకూడదు. చూస్తే అమ్మవారి మీద, ఊరి మీద నమ్మకం లేనట్టు. తీసి, రెండు చేతులతో పెద్దకాపుకు, అంటే ఊరి పెద్దకు, ఇవ్వాలి. ఆయన విప్పి గట్టిగా చదువుతాడు. రాత్రంతా ఆ చీటీలే కళ్ళలో తిరిగిన నేను, బీకరులోంచి చీటీ తీసి, విప్పకుండా, తల వంచి, రెండు చేతులతో పరీక్షాధికారి గారికి అందించాను. ఆయన నన్ను పైనుంచి కిందకు చూసి, ఏం, నచ్చలేదా, నీకు కావలసింది ఏరి ఇవ్వాలా అన్నారు. వెనుక ఎవరో నవ్వారు. చెబుదామని నోరు తెరిచాను, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తేలలేదు. ఆ మౌనం ఆయనకు పొగరులా కనిపించి ఉంటుంది. చీటీ మళ్ళీ బీకరులో పడేసి, బయట నిలబడు, అందరి తర్వాత చూద్దాం అన్నారు.

వరండాలో నిలబడ్డాను. ఎండ స్తంభం నీడను దాటి నా కాళ్ళ మీదికి వచ్చింది, కాళ్ళ మీది నుంచి గోడ మీదికి పోయింది. ఇప్పుడు ఊళ్ళో కుండ కడిగి ఉంటారు, ఇప్పుడు చీట్లు రాసి ఉంటారు, ఇప్పుడు అమ్మ మాటిమాటికీ కట్ట మీదికి వచ్చి చూసి పోతూ ఉంటుంది. వంతు పోతే మా వల గోడకు వేలాడుతుంది, నాన్న మంచంలోంచి దాన్నే చూస్తూ పడుకుంటాడు. పరీక్ష పోతే, నన్ను చదివించడానికి వాళ్ళు ఓర్చుకున్నదంతా ఇంకొక ఏడు ఓర్చుకోవాలి. రెండూ పోయే దారిలో ఉన్నాయి. కనీసం ఒకటి దక్కించుకుందామని సంచీ భుజాన వేసుకుని గేటు దాకా నడిచాను. గేటు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. అటూ పోలేక, ఇటూ రాలేక, ఆ ఇసుకలో నిలబడి ఏడ్చాను. ఏడ్చానని చెప్పుకోవడానికి ఇప్పుడు నాకు సిగ్గేమీ లేదు.

అక్కడికి వచ్చి పట్టుకున్నాడు నా గదిలో ఉండే స్నేహితుడు. కోవూరు వైపు వరి పండించే వాళ్ళ అబ్బాయి, నన్ను రోజూ ఎండు పరిగె చేప అని ఏడిపించే వాడు. తన పని ముగించి, ప్రశ్నలకు జవాబులు చెప్పే చోట, పరీక్షాధికారి గారు అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్పాడట. మా ఊరి చీట్ల సంగతంతా చెప్పేశాడు. నా రెక్క పట్టుకుని, పిలస్తా ఉండారు రారా, ఏడుపు బస్సులో ఏడవచ్చు అన్నాడు.

లోపలికి పోతే పరీక్షాధికారి గారు బీకరు నా ముందుకు జరిపి, ఈసారి నువ్వే విప్పి నువ్వే చూడు అన్నారు, కొంచెం మెత్తగా. విప్పాను. రొయ్య నాడీమండలం. మామూలు రోజైతే నవ్వుకునేవాణ్ణి. పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి రొయ్యలు ఒలిచిన చెయ్యి నాది, అయినా ఆనాడు ఆ చెయ్యి తొందరపడింది. కండ కింద తెల్లటి దారంలా ఉండే నాడి ఒకచోట తెగింది. ఎలాగో పూర్తి చేశాను. ఇక ప్రశ్నలు. ఆయనకు నా మీద కోపం పోయింది గాని, దాని స్థానంలో కుతూహలం వచ్చింది, అది ఇంకా ప్రమాదం. రొయ్య గురించి రెండు ప్రశ్నలు అడిగి, మీ చెరువులో ఉప్పదనం ఎలా చూస్తారు, నోట్లో పోసుకునా, ఏ వయసు వాళ్ళు చూస్తారు, చీటీ ఆడవాళ్ళు తీయరా అని మొదలుపెట్టారు. ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చుని జవాబులు చెప్పాను. ఆయన నన్ను గౌరవిస్తున్నానని అనుకుంటున్నారు, కిటికీలో పొద్దు పడమటికి వాలుతోంది. చివరికి శాఖాధిపతి గారే దగ్గి, అబ్బాయికి బస్సుందండీ అన్నారు. ఆ దగ్గుకు నేను ఆయనకు ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

స్నేహితుడు సైకిలు మీద రోడ్డు దాకా దింపాడు. గూడూరు బస్సు దొరికింది, నాయుడుపేట బస్సులో నిలబడడానికి చోటు దొరికింది, చెరువు వైపు పోయే బస్సు మాత్రం వెళ్ళిపోయింది. మేత వేసుకుపోతున్న ఒక ట్రాక్టరు వాడి కాళ్ళావేళ్ళా పడి గడ్డి మీద ఎక్కాను. కట్ట మొదట్లో దిగేసరికి పొద్దు చెరువు నీళ్ళకు జానెడు ఎత్తులో ఎర్రగా ఉంది. చెప్పులు చేత పట్టుకుని పరుగెత్తాను. సగం దారిలో చూస్తూ ఉండగానే పొద్దు అంచు నీళ్ళకు తగిలింది, మునిగింది, పోయింది. పరుగు ఆపి నడిచాను. ఇక పరుగెత్తి ఏం చేయాలి? నాన్నకు ఏం చెప్పాలా అని ఆలోచించుకుంటూ, ఆ మాట ఎంతకీ కుదరక, ఊరి దాకా వచ్చేశాను.

గుడి ముందు జనం ఉన్నారు. లాంతర్లు పెట్టారు. మధ్యలో కుండ, కుండ మీద కట్టిన గుడ్డ కట్టినట్టే ఉంది. కుండ ముందు మా పెదనాన్న, ఎదురుగా ఇంకొక ఇంటాయన, ఇద్దరూ గొంతులు బొంగురుపోయేలా అరుచుకుంటున్నారు. ఎండబెట్టిన పెదనాన్న వల మీద ఎదుటాయన మేక తిరిగి కన్నాలు పెట్టిందట, దానికి జరిమానా కట్టాలట. మా ఊళ్ళో చీట్లు తీసే ముందు ఎవరైనా తగాదా బయటపెడితే తీర్చుకోవాలి, అది తేలేదాకా కుండ విప్పకూడదు, పొద్దు గడువూ లెక్కలోకి రాదు. పెద్దకాపు తాత గడ్డం నిమురుకుంటూ, మేక ఎప్పుడొచ్చింది, ఎటు నుంచి వచ్చింది, నల్లదా ఎర్రదా అని తీరిగ్గా అడుగుతున్నాడు. నన్ను చూశాడు. చూసి, అదే గొంతుతో అన్నాడు.

“ఇంక చాల్లేరా ఆ మేక గొడవ. తర్వాత చూసుకుందాం. ఒరే అబ్బాయా, ఆడ గుడ్లప్పగించి నిలబడినావేందిరా? పోయి మునిగి రా.”

అరుపులు ఠక్కున ఆగిపోయాయి. వేసుకున్న బట్టలతోనే చెరువులో మునిగి వచ్చాను. నీళ్ళు కారుతూ కుండలో చెయ్యి పెట్టాను, చీటీ తీసి, విప్పకుండా, రెండు చేతులతో తాతకు ఇచ్చాను. ఆయన చదివాడు. మా వంతు మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, నడిమధ్యలో వచ్చింది. మనుషులు పట్టుకుని కూర్చోబెట్టిన నాన్న, ఎడమచేత్తో నా తడి భుజాన్ని తడిమి తడిమి చూశాడు.

అన్నం పెడుతూ అమ్మ చెప్పింది. చీట్లు ఎండగా ఉన్నప్పుడే తీయబోయారట. నేను రాలేదని తెలిసి, అందరూ మా ఇంటి వైపు చూసి ఊరుకున్నారట. ఎవరి కోసమూ ఆగకూడదు కదా. అప్పుడు పెదనాన్న లేచి, నా తగాదా ఒకటి ఉంది అన్నాడట.

“ఆ మేక గురించి ఊరంతటికీ తెలుసురా,” అని అమ్మ కంచంలో పులుసు పోస్తూ అంది. “అది వానలకు ముందే చచ్చిపోయినాది. దాన్ని పూడ్చింది కూడా మీ పెదనాన్నే. చచ్చిన మేక మీద మజ్జానం నించి అరస్తానే ఉండాడు. ఎదుటోడు కూడా, నా మేక మంచిదే అని ఒకటే వాదన. పెద్దకాపు దాని రంగు అడిగినాడు చూడు, నాకు నవ్వాలో ఏడవాలో తెలీలా.”

ఆ మరునాడు పొద్దున పెదనాన్న ఎదురుపడితే చేతులెత్తి దండం పెట్టబోయాను. తల పక్కకు తిప్పుకుని పోయాడు. మాటలు లేని ఇల్లు మాటలు లేకుండానే ఉంది. మా వంతు వచ్చిన రోజున మొదటి గంపలోంచి అమ్మ రొయ్యలు తీసి ఆ గుమ్మంలో పెట్టి వస్తే, కాసేపటికి ఖాళీ గిన్నె మా గుమ్మంలోకి వచ్చింది. ఆయన పోయేదాకా ఆ రెండు ఇళ్ళ మధ్య అంతకంటే మాటలు జరగలేదు. నాకు పరీక్షలో అత్తెసరు మార్కులు వచ్చాయి, తెగిన నాడికి కోత పడి ఉంటుంది. వాటితోనే ఉద్యోగం దొరికింది, వాటితోనే రిటైరయ్యాను.

ఇప్పుడు మొగ ఇసుకతో పూడిపోయింది. చెరువు చాలా నెలలు తెల్లగా ఎండి ఉంటుంది. మా ఊరి పిల్లలు ముత్తుకూరు వైపు పోర్టు పనులకు పోతున్నారు. చీట్లు తీసి చాలా ఏళ్ళయింది, కుండ ఎవరి ఇంట్లో ఉందో కూడా నాకు తెలియదు. నా చిన్నతనమంతా బాగుందని నేను అనను. ఆ ఉప్పు నీళ్ళూ వద్దు, ఆ నోటీసు బోర్డూ వద్దు, ఆ వరండాలో నిలబడిన మధ్యాహ్నం పగవాడికి కూడా వద్దు.

ఇదంతా ఆదివారం మనవరాలికి చెప్పాను. మేక దగ్గర నవ్వింది. నవ్వి, ఫోను తిప్పి నాకు చూపించింది. తేదీ మార్చమని విశ్వవిద్యాలయానికి రాసిందట, ఇంటర్వ్యూ ఒక్క పూట వెనక్కి జరపమని ఆ కంపెనీకి కూడా రాసిందట. రెండు చోట్ల నుంచీ వెంటనే జవాబులు వచ్చాయి. అద్దాలు పెట్టుకుని చదివాను. ఎంతో మర్యాదగా ఉన్నాయి. రెండింటి కిందా, ఇది యంత్రం పంపిన సందేశం, దీనికి తిరుగు జవాబు రాయవద్దు అని ఉంది.

“ఎవురితో మాట్లాడాల తాతా?” అంది.

ఫోను తిరిగి ఇచ్చేశాను. మా ఊరి కట్టు ఎవరి కోసమూ ఆగేది కాదు, నిజమే. కాని ఆ కట్టు చుట్టూ మనుషులు కూర్చుని ఉండేవారు, వాళ్ళలో మాతో మాటలు లేని వాడి దగ్గర కూడా, అవసరానికి తీసి వాడడానికి, ఒక చచ్చిపోయిన మేక ఉండేది.